అభివృద్ధి ఎవరి చేతుల మీదుగా?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



"వివిధ దేశాల ఆర్థికాభివృద్ధి విధానాలు" అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు మొదట వెనకాడాను. నేను అర్థశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. ముప్పై ఏళ్ళుగా పొదుపు సంఘాలతో, కూలి పనులకు వెళ్ళే ఆడవాళ్ళతో పనిచేస్తున్నదాన్ని. కానీ ఆలోచించిన కొద్దీ ఒక సంగతి తట్టింది. ఈ ముప్పై ఏళ్ళలో మన దగ్గరకు వచ్చిన పెద్ద పథకాల్లో చాలావాటి వెనక ఏదో ఒక దేశం పేరు ఉంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 'విజన్ 2020' పత్రం వచ్చింది. ఆ పేరు మలేషియా 1991లోనే పెట్టుకున్న పేరు. నగరాల మాట వస్తే సింగపూర్‌ని చూపించారు. పరిశ్రమల మాట వస్తే దక్షిణ కొరియాని చూపించారు. ఆడవాళ్ళ మాట వచ్చేసరికి బంగ్లాదేశ్‌ని చూపించారు. అలా చూపించిన వాళ్ళలో నేను కూడా ఉన్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కొన్నేళ్ళ కిందట కోస్తా జిల్లాలో ఒక సంఘం సమావేశానికి వెళ్ళాను. అక్కడ ఒక అధికారి కొరియా గురించి చెబుతున్నారు. 1960లో వాళ్ళు కూడా మనలాగే బీదవాళ్ళనీ, ఆడా మగా అందరూ కష్టపడి ఆ దేశాన్ని పైకి తెచ్చారనీ, మీరూ అలా కష్టపడాలనీ. అంతా విన్నాక ఒక పెద్దావిడ లేచి నిలబడింది. "అయ్యా, ఆ దేశంలో ఆడోళ్ళంతా ఫ్యాక్టరీకి పోతే ఇంటికాడ అంట్లు ఎవరు తోమేవోళ్ళు?" అని అడిగింది. అందరం నవ్వాం. అధికారి కూడా నవ్వి ఊరుకున్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. జవాబు కోసం కాసేపు అలాగే నిలబడింది.

ఆ రోజు ఆవిడకి మేం జవాబు చెప్పలేదు. మా దగ్గర జవాబు లేదు. తర్వాత కొన్నాళ్ళపాటు ఆ ప్రశ్న పట్టుకుని చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. ఇవాళ మీతో చెప్పబోయేది అదే. కొరియా, బంగ్లాదేశ్, శ్రీలంక - ఈ మూడు దేశాలూ మూడు రకాల దారులు పట్టాయి. ఆ దారుల్లో ఆడవాళ్ళు ఏం పెట్టారు, వాళ్ళకి ఏం దక్కింది అన్నది చూద్దాం.

కొరియా: భూమి, బడి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ

కొరియా కథ మనకి ఎలా చెబుతారంటే - 1961లో పార్క్ చుంగ్ హీ సైనిక కుట్రతో అధికారంలోకి వచ్చాడు, 1962లో మొదటి పంచవర్ష ప్రణాళిక పెట్టాడు, పెద్ద కంపెనీలకు అప్పులిచ్చి ఎగుమతులు చేయించాడు, 1996కల్లా ఆ దేశం ధనిక దేశాల కూటమి అయిన ఓఈసీడీలో చేరింది. ఇందులో అబద్ధం లేదు. అయితే ఈ కథకి మొదలు లేదు, మధ్యలో జరిగిందీ లేదు.

మొదలు భూమి. కొరియాలో 1949లో భూసంస్కరణల చట్టం వచ్చింది, 1950 నుంచి అమలయింది. ఒక కుటుంబానికి మూడు హెక్టార్లు, అంటే దాదాపు ఏడెకరాలు మించి ఉండకూడదన్నారు. మిగిలింది సాగు చేసేవాళ్ళకి పంచారు. భూస్వాములకి ఇచ్చిన బాండ్లు యుద్ధకాలంలో పెరిగిన ధరల వల్ల విలువ లేకుండా పోయాయి. ప్రభుత్వం దయతలచి ఈ పని చేసిందనుకోకండి. పక్కనే ఉత్తర కొరియా 1946లోనే భూమి పంచేసింది. తాము ఊరుకుంటే రైతులు అటు మొగ్గుతారని భయం. ఏమైతేనేం, భూమి చేతులు మారింది. పిల్లలు బడికి వెళ్ళారు. 1960కల్లా పల్లెల్లో కూడా దాదాపు పిల్లలందరూ ప్రాథమిక బడిలో ఉన్నారు. ఫ్యాక్టరీలు ఆ తర్వాత వచ్చాయి.

మనకి కొరియాని చూపించేవాళ్ళు ఈ భాగం చెప్పరు. మన భూపరిమితి చట్టం 1973లో వచ్చింది. దాని కింద ఎంత భూమి పేదలకి చేరిందో ఈ హాల్లో ఉన్న వాళ్ళకి నేను చెప్పనక్కరలేదు. కొరియా కార్ల కంపెనీ అనంతపురం ప్రాంతానికి వచ్చింది, 2019లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టింది. కొరియా భూసంస్కరణ మాత్రం రాలేదు.

ఇక మధ్యలో జరిగింది. మొదటి ఇరవై ఏళ్ళు కొరియా అమ్మింది కార్లు కాదు. బట్టలు, బూట్లు, సవరాలు, విగ్గులు. వాటిని తయారుచేసింది పల్లెల నుంచి వచ్చిన పదిహేను, పదహారు, ఇరవై ఏళ్ళ ఆడపిల్లలు. హాస్టళ్ళలో ఉండి, వచ్చిన జీతంతో ఇంటి దగ్గర తమ్ముడి చదువుకి ఫీజు పంపారు. సియోల్‌లోని పీస్ మార్కెట్‌లో, నిలబడితే తలకి తగిలే అటకల మీద, రోజుకి పద్నాలుగు, పదిహేను గంటలు కుట్టారు. ఆ పిల్లల గోడు చూడలేక వాళ్ళతో పనిచేసే చోన్ తే ఇల్ అనే ఇరవై రెండేళ్ళ యువకుడు, ఉన్న కార్మిక చట్టాన్నే అమలు చేయమని అడిగి అడిగి, 1970 నవంబరు 13న ఒంటికి నిప్పంటించుకున్నాడు. అతని తల్లి లీ సో సన్ ఆ తర్వాత నలభై ఏళ్ళు, 2011లో చనిపోయేదాకా, కార్మికుల మధ్యే పనిచేసింది.

ఆ ఆడపిల్లలు నోరు మూసుకుని పని చేశారని కూడా అనుకోకండి. ఇంచన్‌లోని దోంగిల్ జౌళి మిల్లులో 1972లో కార్మికురాళ్ళు తమ యూనియన్‌కి ఒక స్త్రీని అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. 1978లో యూనియన్ ఎన్నికల రోజున యాజమాన్యం వైపు మగవాళ్ళు వాళ్ళ మీద మలం చల్లారు. 1979 ఆగస్టులో వై.హెచ్. అనే విగ్గుల కంపెనీ మూసేస్తే అందులో పనిచేసే ఆడవాళ్ళు సియోల్‌లో ప్రతిపక్ష పార్టీ కార్యాలయంలో బైఠాయించారు. పోలీసులు తెల్లవారుజామున లోపలికి చొరబడ్డారు. కిమ్ క్యుంగ్ సుక్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ కార్మికురాలు చనిపోయింది. ఆత్మహత్య అన్నారు. 2008లో ప్రభుత్వమే వేసిన సత్యశోధన కమిషన్ అది ఆత్మహత్య కాదని తేల్చింది. ఆ సంఘటన మీద దేశమంతా రాజకీయ సంక్షోభం లేచింది. రెండు నెలల తర్వాత, అక్టోబరు 26న, పార్క్ తన గూఢచారి శాఖాధిపతి చేతిలోనే హతుడయ్యాడు. కూలి ఆడపిల్లల బైఠాయింపుతో మొదలైన గొలుసులో అది చివరి కొక్కెం.

కొరియాలో కూలి రేట్లు బాగా పెరిగింది 1987 తర్వాత. ఆ ఏడు సైనిక పాలనకు వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చారు, వెంటనే దేశవ్యాప్తంగా సమ్మెలు జరిగాయి. సమాన ఉపాధి చట్టం వచ్చింది కూడా ఆ ఏడే. మరి ఇవాళ? ఆడవాళ్ళ జీతం మగవాళ్ళ జీతం కంటే దాదాపు 30 శాతం తక్కువ. ఓఈసీడీ దేశాల్లో ఇంత తేడా ఇంకెక్కడా లేదు. పంచిన భూమి కూడా కుటుంబ పెద్ద పేరున వెళ్ళింది, కుటుంబ పెద్ద అంటే దాదాపు ఎప్పుడూ మగవాడే. 'హోజు' అనే ఆ పద్ధతి చట్టంలోంచి పోయింది 2008లో.

ఇప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్నకి కొరియా జవాబు వినండి. పెళ్ళి కాని పిల్లల్ని ఫ్యాక్టరీలో పెట్టుకున్నారు. పెళ్ళయితే ఇంటికి పంపారు. అంట్లు తోమాల్సిన వయసు వచ్చేదాకానే ఆమె కార్మికురాలు. ఈ తరం కొరియా అమ్మాయిలు ఆ ఒప్పందానికి ఒప్పుకోవడం లేదు. 2023లో ఆ దేశంలో స్త్రీకి సగటు సంతానం 0.72. ప్రపంచంలోకెల్లా అతి తక్కువల్లో ఒకటి. డబ్బులిస్తాం, పిల్లల్ని కనండి అని ప్రభుత్వం బతిమాలుతోంది.

కుట్టుమిషన్ ఎలా ప్రయాణం చేసింది?

కొరియా నుంచి బంగ్లాదేశ్‌కి వెళ్ళడానికి నేను దారి కల్పించనక్కరలేదు. కుట్టుమిషనే ఆ దారిన వెళ్ళింది.

1974లో ధనిక దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. బీద దేశాల బట్టలు తమ మార్కెట్‌ని ముంచెత్తకుండా ఏ దేశం ఎన్ని చొక్కాలు, ఎన్ని లాగూలు పంపవచ్చో కోటాలు పెట్టాయి. స్వేచ్ఛా వ్యాపారం గురించి మనకి పాఠాలు చెప్పిన దేశాలే ఇవి. 2004 చివరిదాకా ఈ కోటాలు సాగాయి. కొరియా కోటా నిండిపోయింది. కోటా లేని దేశం కోసం దేవూ అనే కొరియా కంపెనీ వెతికింది. బంగ్లాదేశ్‌లో దేశ్ గార్మెంట్స్ అనే సంస్థతో ఒప్పందం కుదుర్చుకుంది. 1979లో 130 మంది బంగ్లాదేశీయులు కొరియాలోని పుసాన్‌కి వెళ్ళి ఆరు నెలలు పని నేర్చుకుని వచ్చారు. వాళ్ళలో చాలామంది తర్వాత వేరే ఫ్యాక్టరీల్లో చేరారు, సొంతంగా పెట్టుకున్నారు. అలా పుట్టిన పరిశ్రమ ఇవాళ ఆ దేశం ఎగుమతుల్లో 80 శాతానికి పైగా తెచ్చిపెడుతోంది. లక్షల మంది ఆడవాళ్ళు మొదటిసారి ఇల్లు దాటి, తమ పేరున జీతం తీసుకున్నారు. దీన్ని నేను తక్కువ చేయను. మొగుడి చేతి కింద ఉన్న మనిషికి నెల జీతం అంటే ఏమిటో మనకి తెలుసు.

ఆ జీతం ఎంత? 2010లో కనీస వేతనం నెలకు 3,000 టాకాలు. 2013లో 5,300. 2018లో 8,000. 2023లో 12,500. చివరిసారి కార్మికులు అడిగింది 23,000. ఆ ఆందోళనలో నలుగురు చనిపోయారు. ప్రతిసారీ జీతం పెరిగింది వీధికెక్కాకే.

ఇక 2013 ఏప్రిల్ 24. ఢాకా పక్కన సావర్‌లో రానా ప్లాజా. ఎనిమిది అంతస్తుల భవనం, అందులో అయిదు గార్మెంట్ ఫ్యాక్టరీలు. ముందురోజే గోడలు పగుళ్ళిచ్చాయి. కింది అంతస్తుల్లో ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేశారు. కుట్టుపని వాళ్ళని మాత్రం లోపలికి రమ్మన్నారు, రాకపోతే జీతం కోస్తామన్నారు. భవనం కూలింది. 1,100 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళు. బ్యాంకు ఉద్యోగికీ కుట్టుమిషను దగ్గర కూర్చునే అమ్మాయికీ తేడా ఏమిటి? పగుళ్ళు ఇద్దరికీ కనిపించాయి. ఆ అయిదు ఫ్యాక్టరీల్లో ఒక్కదానిలో కూడా యూనియన్ లేదు. రానంటే ఏమవుతుందో ఆ అమ్మాయికి తెలుసు.

ఆ తర్వాత విదేశీ బట్టల కంపెనీలూ, యూనియన్లూ కలిసి చట్టబద్ధమైన ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. తనిఖీలు జరిగాయి, చాలా భవనాలు బాగుచేశారు. ఇది కూడా చెప్పాలి. అయితే మరో మార్పు నెమ్మదిగా జరిగింది. ఒకప్పుడు ఈ పరిశ్రమలో పదిమందిలో ఎనిమిదిమంది ఆడవాళ్ళు. కొత్త యంత్రాలు వచ్చిన కొద్దీ ఆ వాటా తగ్గి సగానికి కాస్త పైన ఉంది. సూది ఉన్నంతకాలం అది ఆడవాళ్ళ పని. కంప్యూటర్ వచ్చేసరికి మగవాళ్ళ పని అయింది.

నేను చెప్పిన సగం కథ

ఇప్పుడు నా సంగతి.

తొంభైల చివర్లో నేను పొదుపు సంఘాలకి శిక్షణ ఇచ్చేదాన్ని. ఆ శిక్షణలో తప్పకుండా ఒక గంట బంగ్లాదేశ్ గురించి ఉండేది. 1983లో గ్రామీణ బ్యాంకు మొదలవడం, ఆస్తి లేని ఆడవాళ్ళు చిన్న అప్పు తీసుకుని గేదెనో కోళ్ళనో కొనుక్కుని పైకి రావడం, అయిదుగురు కలిసి ఒకరికొకరు హామీ ఉండడం - ఇవన్నీ చెప్పేదాన్ని. బొమ్మలు చూపించేదాన్ని. వింటున్న వాళ్ళ కళ్ళు మెరిసేవి. నేను అబద్ధం చెప్పలేదు. సగం కథ చెప్పాను.

నేను చెప్పని సగం ఏమిటంటే - బంగ్లాదేశ్‌లో మార్పు ఒక్క అప్పుతో రాలేదు. డెబ్బైల మధ్య నుంచే ప్రభుత్వం ఆడ ఆరోగ్య కార్యకర్తల్ని ఇంటింటికీ పంపింది. ఎనభైల్లో బ్రాక్ సంస్థ తరఫున స్త్రీలు ఊరూరా తిరిగి కోటికి పైగా ఇళ్ళలో తల్లులకి ఒక పాఠం నేర్పారు. బిడ్డకి విరేచనాలైతే చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్ళు. అంతే పాఠం. తల్లులకి ఎంత బాగా గుర్తుంటే నేర్పినవాళ్ళకి అంత జీతం. 1994 నుంచి హైస్కూలు ఆడపిల్లలకి దేశమంతటా స్టైపెండ్ ఇచ్చారు. బడికి క్రమంగా రావాలి, పెళ్ళి చేసుకోకూడదు అన్నవి షరతులు. తలసరి ఆదాయంలో మనకంటే వెనకబడి ఉన్న రోజుల్లోనే ఆ దేశంలో మనుషుల సగటు ఆయుర్దాయం మన కంటే ముందుకు పోయింది. ఆరోగ్య కార్యకర్త, బడి, స్టైపెండు వదిలేసి మనం ఒక్క అప్పుని మాత్రం పట్టుకొచ్చాం. ఎందుకంటే మిగిలిన వాటికి ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టాలి. అప్పుకి అక్కరలేదు, వడ్డీ కూడా వస్తుంది.

2000 తర్వాత ఏం జరిగిందో మీలో చాలామంది కళ్ళారా చూశారు. మన సంఘాలు ఆడవాళ్ళకి వారం వారం కలవడం నేర్పాయి, ఒకరికొకరు హామీ ఉండడం నేర్పాయి. తయారైన ఆ అలవాటు మీదకి ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. ఒకే ఇంటికి మూడు అప్పులు, నాలుగు అప్పులు. ఒకటి కట్టడానికి ఇంకోటి. కట్టలేకపోతే బృందంలోని మిగతా ఆడవాళ్ళే ఆ ఇంటి గుమ్మం ముందు కూర్చోవాలి. నేను శిక్షణ ఇచ్చిన ఒక సంఘంలో ఒకావిడ కూతురి చెవికమ్మలు అమ్మి కట్టింది. తర్వాత ఊరొదిలి వెళ్ళిపోయింది. ఆమె ఇంటి ముందు కూర్చున్నవాళ్ళు ఆమెతో పదేళ్ళు కలిసి పొదుపు చేసినవాళ్ళే. "మీరు నేర్పిందే కదమ్మా, ఒకరికొకరు హామీ అని" అని ఒకామె నాతో అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు, మామూలుగా అంది. ఆ మాట నాకిప్పటికీ గుర్తుంది.

2010లో ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు రిజిస్టరు కావాలి, వారం వారం కాకుండా నెలకోసారే వసూలు చేయాలి, వడ్డీ అసలుని మించకూడదు అని. దానికి కొద్ది నెలల ముందే ఒక పెద్ద కంపెనీ షేరు మార్కెట్‌లోకి వెళ్ళి వందల కోట్లు సంపాదించింది. ఆ కోట్ల కింద ఉన్నది మన ఆడవాళ్ళ క్రమశిక్షణ. దానికి వాటా ఎవరూ ఇవ్వలేదు.

శ్రీలంక: ముందు బియ్యం, బడి, మంత్రసాని

మూడో దారి శ్రీలంకది. ఆ దేశం ధనికం కాకముందే, ఫ్యాక్టరీలు రాకముందే, మనుషుల మీద ఖర్చుపెట్టింది. 1931లోనే ఆడవాళ్ళతో సహా వయోజనులందరికీ ఓటు వచ్చింది. 1945 నుంచి ఉచిత విద్య. పల్లెల్లో ఇంటికి వచ్చే ప్రభుత్వ మంత్రసాని. 1926లో కలుతరలో మొదలైన ఆరోగ్య కేంద్రం పద్ధతి దేశమంతా పాకింది. చవక బియ్యం. ఓటున్న జనం వీటిని వదులుకోలేదు. 1953లో బియ్యం ధర 25 సెంట్ల నుంచి 70 సెంట్లకి పెంచితే దేశమంతా హర్తాళ్ జరిగింది, ప్రధాని రాజీనామా చేశాడు. ఫలితం చూడండి. అక్కడ లక్ష ప్రసవాలకు 30 మంది ప్రాంతంలో తల్లులు చనిపోతున్నారు. మన దేశంలో 2018-20 లెక్క 97.

అయితే శ్రీలంకని కూడా ముక్కగా చూడకూడదు. 1948 పౌరసత్వ చట్టంతో తేయాకు తోటల్లోని తమిళ కూలీలకి పౌరసత్వమే లేకుండా పోయింది. ఓటు లేని ఆ ఆడవాళ్ళ దగ్గరికి ఉచిత బడి, మంచి ఆస్పత్రి చాలా ఆలస్యంగా చేరాయి. 1977లో ఆర్థిక వ్యవస్థని బయటికి తెరిచారు. 1978లో కటునాయకలో స్వేచ్ఛా వాణిజ్య మండలి వచ్చింది. మళ్ళీ బట్టలు, మళ్ళీ పల్లె ఆడపిల్లలు, మళ్ళీ హాస్టలు గదులు. తేయాకు, బట్టలు, గల్ఫ్ దేశాల్లో ఇంటి పని - ఆ దేశానికి విదేశీ డబ్బు తెచ్చేవాటిలో ఈ మూడూ ఆడవాళ్ళ చేతుల మీదుగా వచ్చేవే. కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కి వెళ్ళిన మన ఆడవాళ్ళు అక్కడి వంటగదుల్లో శ్రీలంక ఆడవాళ్ళతో కలిసి పనిచేశారు. ఇన్ని చదువులున్నా ఆ దేశంలో సంపాదించే పనిలో ఉన్న, లేదా పని వెతుక్కుంటున్న ఆడవాళ్ళు మూడింట ఒక వంతే. ఎందుకని? పిల్లల్నీ, ముసలివాళ్ళనీ చూసుకునే బాధ్యత ఇంటి ఆడదానిదే. 2022లో దేశం విదేశీ అప్పులు కట్టలేనని చేతులెత్తేసినప్పుడు గ్యాసు కోసం, పాల పొడి కోసం క్యూల్లో నిలబడింది కూడా ఆమే.

అయినా ఒక సంగతి గుర్తుంచుకోండి. 2011లో కార్మికుల భవిష్యనిధి డబ్బు మీద చేయి వేసేలా ప్రభుత్వం పింఛను బిల్లు తెస్తే కటునాయకలో వేలమంది కార్మికురాళ్ళు మిషన్లు వదిలి రోడ్డు మీదకు వచ్చారు. పోలీసు కాల్పుల్లో గాయపడి ఒక యువ కార్మికుడు చనిపోయాడు. బిల్లు వెనక్కి పోయింది. చదువుకున్న కార్మికురాలిని లొంగదీయడం అంత తేలిక కాదు.

శ్రీలంక మనకి దూరం కూడా కాదు. విశాఖ పక్కన అచ్యుతాపురంలో శ్రీలంక కంపెనీ పెట్టిన దుస్తుల సెజ్ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తెల్లారకముందే బస్సులెక్కి వేలమంది అమ్మాయిలు అక్కడికి వెళతారు. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి విషవాయువు పీల్చి ప్రతిసారీ వందమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. సియోల్, ఢాకా, కటునాయక, అచ్యుతాపురం - మిషన్ అదే, అమ్మాయి వయసు అదే.

మన లెక్క

మరి మన సంగతి? 1991 నుంచి సరళీకరణ వచ్చింది, జాతీయాదాయం పెరిగింది. 2017-18లో పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పనిలో ఉన్న, లేదా పని కోసం చూస్తున్నవాళ్ళు 23 శాతమే. 2023-24 నాటికి అది దాదాపు 42కి పెరిగిందని ప్రభుత్వ సర్వే చెబుతోంది. సంతోషించే ముందు లోపల చూడాలి. పని చేస్తున్నారని లెక్కేసిన ఆడవాళ్ళలో మూడో వంతుకు పైగా ఇంటి పొలంలోనో, ఇంటి కొట్లోనో జీతం లేకుండా పనిచేసేవాళ్ళు. ఆ పెద్దావిడ ప్రశ్నకి కూడా ఇప్పుడు ప్రభుత్వ లెక్క ఉంది. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు చేస్తున్నారు. 2019లో అది 299, 97. అయిదేళ్ళలో ఇద్దరికీ దాదాపు పది నిమిషాల చొప్పున తగ్గింది. తేడా ఎక్కడిదక్కడే ఉంది.

మనకి చూపించుకోవడానికి ఏమీ లేదనుకోకండి. 1985లో కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ మన రాష్ట్రం చట్టం చేసింది, అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే అయినా. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం వల్ల 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. దాన్ని మనం సంఘసంస్కరణ అంటాం. నేను ఆర్థిక విధానం అంటాను. రాష్ట్ర ఖజానా ఎవరి కడుపు కొట్టి నిండాలి అన్న ప్రశ్న అది. 1997లో ఖజానా పేరు చెప్పే నిషేధం ఎత్తేశారు. ఏ దేశాన్నీ చూసి నేర్చుకోకుండా, చదువురాని ఆడవాళ్ళు ప్రభుత్వ బడ్జెట్టు మీద వేసిన ప్రశ్నకి ఇప్పటికీ జవాబు లేదు.

ఏ దేశాన్ని చూపించినా అడగాల్సినవి

కార్యకర్తలుగా మనం చేయగలిగింది ఏమిటి? రేపు మీ మండలానికి ఎవరో వచ్చి వియత్నాం అంటారు, ఇంకెవరో చైనా అంటారు. వినండి. తోసిపుచ్చనక్కరలేదు, ఇతర దేశాల నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. కానీ నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి, అక్కడ భూమి, ఇల్లు ఎవరి పేరున ఉన్నాయి? ఫ్యాక్టరీకి ముందు పంచారా, తర్వాత లాక్కున్నారా?

రెండు, బడి, ఆస్పత్రి, తిండిగింజల ఖర్చు ఎవరు పెట్టారు? ప్రభుత్వమా, అప్పు తెచ్చుకున్న ఆడదా?

మూడు, "పగుళ్ళున్నాయి, లోపలికి రాను" అని చెప్పగలిగే హక్కు ఆమెకి ఉందా? అంటే యూనియన్ ఉందా, సంఘం పెట్టుకోనిచ్చారా?

నాలుగు, ఆమె పనికి వెళ్ళాక అంట్లు ఎవరు తోమారు?

మూడు దేశాలూ తిరిగి వచ్చాక నాకు అర్థమైంది ఇది. జాతీయాదాయం పెరిగినంత మాత్రాన ఆడవాళ్ళ బతుకు మారలేదు. భూమి, బడి, ఆరోగ్యం ప్రభుత్వ బాధ్యతగా అందిన చోట, కలిసి నోరెత్తగలిగిన చోట మారింది. ఈ నాలుగో ప్రశ్నకి మాత్రం మూడు దేశాల్లో ఏదీ పూర్తి జవాబు ఇవ్వలేదు. కాబట్టి దాన్ని ఎక్కడి నుంచీ అరువు తెచ్చుకోలేం. అంగన్‌వాడీ సాయంత్రం దాకా తెరిచి ఉంచమనడం, పనిచేసే చోట పిల్లల గది అడగడం, ఇంటింటికీ నీళ్ళు అడగడం, సొంత ఇంట్లో మగవాళ్ళ చేత అంట్లు తోమించడం - ఈ పనులు మనమే మొదలుపెట్టాలి. వీటిని 'ఆడవాళ్ళ సమస్యలు' అన్న చివరి కాగితంలో రాయనివ్వకండి. ఆర్థిక విధానం అన్న మొదటి కాగితంలో రాయించండి.

ఆ పెద్దావిడ ఊరికి మళ్ళీ వెళ్ళాను. ఆవిడ కనిపించలేదు, కొడుకు దగ్గరికి వెళ్ళిందన్నారు. ఆమె కోసం సిద్ధం చేసుకున్న జవాబు ఆ సంఘంలో మిగిలినవాళ్ళకి చెప్పి వచ్చాను. ఇవాళ మీకు చెప్పాను. మీ మీ ఊళ్ళలో ఆవిడలాంటి వాళ్ళు లేచి నిలబడినప్పుడు, మాలాగా నవ్వకండి.